ఎనిమిది అక్షరాల్లో ఇంటిపేరు

అమెరికాలో దిగిన తెలుగు విద్యార్థి మొదటి వారంలో చేసే పనులు మనందరికీ తెలిసినవే. బ్యాంకు ఖాతా, అద్దె కాగితాల మీద సంతకం, సోషల్ సెక్యూరిటీ నంబరు గురించి ఆరా, ఇంటికి ఫోను. ఎవరూ పెద్దగా చెప్పుకోని పని ఇంకొకటి ఉంది. యూనివర్శిటీ కంప్యూటర్లో ఖాతా కోసం ఒక పేరు ఎంచుకోవడం. వీసా ఇంటర్వ్యూలో ఏ చొక్కా తొడుక్కోవాలా అని వారం రోజులు ఆలోచించినవాడు ఈ పేరు గురించి ఐదు నిమిషాలు కూడా ఆలోచించడు. కానీ ఆ తరువాత ప్రొఫెసర్లకు వెళ్ళే ఉత్తరాలమీద, పరిశోధన పత్రాల అడుగున, ఉద్యోగాల దరఖాస్తులమీద కనబడేది ఆ పేరే. మన పేరులోని ఏ ముక్క ఈ దేశంలో మిగులుతుంది, ఏ ముక్క రాలిపోతుంది అన్నది చాలామంది విషయంలో అక్కడే తేలిపోయింది.

కంప్యూటర్లు మన పేర్లను ముక్కలు చేశాయని, నలిపేశాయని తరచు వింటూ ఉంటాం. నేను ఇరవయ్యేళ్ళకు పైగా ఆ కంప్యూటర్లతోనే పొట్టపోసుకుంటున్నవాణ్ణి కాబట్టి వాటి తరఫున కాస్త వకాల్తా పుచ్చుకుంటున్నాను. అమెరికాకు ముందు తరాల్లో వచ్చిన తెలుగువాళ్ళకు పోయింది ఇంటిపేరు. దాన్ని తిరిగి బయటికి లాగినవాటిలో ఈమెయిలు కూడా ఒకటి. అదీ మనమీద ప్రేమతో కాదు, తన అవసరం కొద్దీ.

కంప్యూటర్లకు ముందు సంగతి చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో 1895లో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద వాళ్ళిద్దరి వ్యాసం 1925లో వచ్చింది. బయోకెమిస్ట్రీ చదువుకున్న పిల్లలందరికీ అది 'ఫిస్క్-సుబ్బరో పద్ధతి'. ఆయన సంతకంలో రావు కాదు, 'రో'. పాత మద్రాసు రాష్ట్రంలో రావును ఇంగ్లీషులో అలా రాసే అలవాటుండేది. దాన్ని అమెరికావాళ్ళు 'సుబ్బరో' అని పలికారు. శాస్త్ర పత్రికల్లో ఆయన 'వై. సుబ్బరో'. యల్లాప్రగడ వారి వంశమంతా ఆ ఒక్క 'వై'లో సర్దుకుంది. ఆయన పోయిన ఐదేళ్ళకు, 1953లో, ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టారు. శిలీంధ్రానికి కూడా ఇంటిపేరు దక్కలేదు.

కలియంపూడి రాధాకృష్ణారావుగారి కథ ఇంకా విచిత్రం. ఆయన 1945లో కలకత్తాలో ప్రచురించిన ఒక్క వ్యాసంలోంచే 'క్రామర్-రావు బౌండు', 'రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం' రెండూ పుట్టాయి. ఆయన 1979లో అమెరికా వచ్చి పిట్స్‌బర్గులోను, 1988 నుంచి పెన్ స్టేట్‌లోను పనిచేశారు. స్టాటిస్టిక్స్‌కి నోబెల్‌తో సమానమని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి 2023లో, తన నూట రెండో ఏట అందుకుని, ఆ సంవత్సరమే కన్నుమూశారు. ప్రపంచానికి ఆయన 'రావు'. మనకి రావు పేరూ కాదు, ఇంటిపేరూ కాదు, పేరు చివర తగిలించుకునే గౌరవం మాత్రమే. ఏ ముక్క తీసేసినా మనిషి మనిషిగానే మిగులుతాడో సరిగ్గా ఆ ముక్కే సిద్ధాంతానికి అంటుకుంది. పైగా ఆ రంగంలో రావులు ఒకరా ఇద్దరా? సి.ఆర్. రావు, జె.ఎన్.కె. రావు, ఎం.ఎం. రావు. ఎవరు ఎవరో తేల్చుకోవాలంటే ముందున్న పొడి అక్షరాలే దిక్కు.

స్పీచ్ రికగ్నిషన్‌లో ఆద్యులలో ఒకరు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారు శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టినప్పుడు దబ్బాల రాజగోపాలరెడ్డి. స్టాన్‌ఫర్డ్, ఆ తరువాత కార్నెగీ మెలన్ చేరేసరికి ముందున్న దబ్బాలా పోయింది, వెనకున్న గోపాలుడూ పోయాడు. మన సాహిత్య సభల్లో అందరూ ఎరిగిన వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాలపాటు విస్కాన్సిన్‌లో తెలుగు సాహిత్యం చెప్పారు. ఆయన పుస్తకాల కోసం ఇంగ్లీషు గ్రంథసూచికలు తిరగేస్తే ఒకచోట 'రావు' కింద, ఇంకొకచోట 'నారాయణ రావు' కింద దొరుకుతారు. మనం తెలుగులో 'వెల్చేరు' అంటే చాలు. అమెరికన్ సూచికలో వెల్చేరు అని వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు.

దీనికి అమెరికాను ఒక్కదాన్నే తప్పుబట్టడం న్యాయం కాదు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించే పని మన దగ్గరే మొదలయింది. బడిలో హాజరు పట్టీలో నేను 'సిహెచ్. రమేశ్'. ఇంటిపేరు పూర్తిగా పలికేది పెళ్ళి సంబంధాలప్పుడు, వంటింట్లో మా నానమ్మ వేరే ఊరి చుట్టాల లెక్కలు చెప్పేటప్పుడు, అంతే. ఆ పొడి అక్షరంతోనే మనవాళ్ళు విమానం ఎక్కారు. ఇక్కడి దరఖాస్తులో 'లాస్ట్ నేమ్' అని ఒక గడి కనిపించింది. లాస్ట్ అంటే చివరిది కదా అని పేరులో చివరనున్నది అందులో రాశారు. ఆ చివరిది రావో, రెడ్డో, కుమారో, ప్రసాదో. పిల్లలు పుట్టాక వాళ్ళకూ అదే ఇంటిపేరు. ఈ దేశంలో ఇప్పుడు 'కుమార్ వారి కుటుంబం' అనదగినవి ఎన్నో ఉన్నాయి. వాళ్ళ తాతలు విని ఉంటే ఏ ఊరు బాబూ మీది అని అడిగేవారు.

ఇక కంప్యూటర్ల సంగతి. కేంబ్రిడ్జిలోని బీబీఎన్ కంపెనీలో రే టామ్లిన్సన్ 1971లో మొదటిసారి ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి ఉత్తరం పంపాడు. మనిషికీ యంత్రానికీ మధ్య ఆ ఎట్ గుర్తు పెట్టింది ఆయనే. ఆ యంత్రాల మీద నడిచే టెనెక్స్ వ్యవస్థలో ఇంటిపేరు మొత్తం ఖాతా పేరుగా పెట్టుకోవడానికి వీలుండేది. కానీ యూనివర్శిటీలను ఆక్రమించింది టెనెక్స్ కాదు, బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్. అక్కడివాళ్ళ ఖాతా పేర్లు మూడేసి అక్షరాలు. కెన్ థాంప్సన్ 'కెన్', డెన్నిస్ మెకలిస్టర్ రిచీ 'డీఎంఆర్', బ్రయాన్ కెర్నిహన్ 'బీడబ్ల్యూకే'. ఒకే నడవాలో కూర్చునే పదిమందికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మెషీన్ మీద ఎవరున్నారు అని యూనిక్స్ రాసుకునే ఫైలు ఒకటుంది. అందులో ఒక్కో మనిషి పేరుకూ ఎనిమిది బైట్లు కేటాయించారు. మెమరీ బంగారంతో సమానమైన రోజులు కాబట్టి అదే దానమనుకోవాలి. ఆ ఎనిమిది అక్కణ్ణుంచి పాకి, బెర్క్‌లీ యూనిక్సుకీ, సన్ కంపెనీ యంత్రాలకీ, వాటిని కొన్న యూనివర్శిటీలకీ చేరింది. ఎంఐటీలో 1983లో మొదలైన అథీనా ప్రాజెక్టు ఖాతాల పేర్లకు కూడా మూడు నుంచి ఎనిమిది అక్షరాలే హద్దు. ఎనిమిది దాటకూడదని ఏ ప్రభుత్వమూ శాసించలేదు, ఏ పండితుడూ సూత్రం రాయలేదు. న్యూజెర్సీలో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు ఒక మధ్యాహ్నం తీసుకున్న నిర్ణయానికి ముప్ఫై ఏళ్ళపాటు సత్యనారాయణలు, వెంకటేశ్వర్లు, సుబ్రహ్మణ్యాలు తలవంచారు. పదమూడక్షరాల వెంకటేశ్వర్లు ఎనిమిది దగ్గర తెగి 'వెంకటేస్' అయ్యాడు. పన్నెండక్షరాల సుబ్రహ్మణ్యం 'సుబ్రహ్మ' అయ్యాడు. మన సుబ్బరోగారు మాత్రం ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ముందుచూపున్న మనిషి.

నేను ఎమ్మెస్ చేయడానికి 2003లో మిడ్‌వెస్టులోని ఒక ప్రభుత్వ యూనివర్శిటీకి వచ్చేనాటికి మా డిపార్టుమెంటులో ఇంకా ఆ ఎనిమిదే రాజ్యమేలుతోంది. అక్కడ నియమం సుళువు. ఇచ్చిన పేరులో మొదటి అక్షరం, దాని పక్కన ఇంటిపేరులో ఏడక్షరాలు. మాది చిలకలపూడి. బందరు పక్కనున్న చిలకలపూడే, గిల్టు నగలకి పేరుపడ్డ ఊరు. ఇంగ్లీషులో పదమూడక్షరాలు. ఏడు దగ్గర కత్తి వేస్తే మిగిలింది 'చిలక'. ముందు రమేశ్ తాలూకు ఆర్. అలా నేను 'ఆర్-చిలక' అయ్యాను. ఖాతా ఇచ్చిన అమెరికన్ కుర్రాడికి అందులో నవ్వడానికేమీ కనిపించలేదు. ల్యాబులో ఉన్న నలుగురు తెలుగువాళ్ళకి మాత్రం ఆ రోజు పండగ. రెండేళ్ళపాటు నన్ను ఎవరూ రమేశ్ అని పిలిచిన పాపాన పోలేదు. "ఏరా చిలకా, అసైన్‌మెంటు అయిందా?" అనే వాళ్ళు.

నా పక్క బెంచీ మిత్రుడికి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండవలసిన చోట శ్రీనివాస్ అని, పేరుండవలసిన చోట ఇంటిపేరు పడ్డాయి. నియమం ప్రకారం అతను 'వి-శ్రీనివా' అయ్యాడు. చివరి స్ కూడా దక్కలేదు. కానీ అసలు కష్టం ఎవరిదంటే రావులది. సుబ్బారావు, సాంబశివరావు, సత్యనారాయణరావు, శ్రీనివాసరావు, సూర్యారావు... ఎవరొచ్చినా 'ఎస్-రావు'. మొదట చేరినవాడికి శుభ్రమైన పేరు, తరువాత వాళ్ళకి ఎస్-రావు-రెండు, ఎస్-రావు-మూడు. ఒకరికి రావలసిన ఫెలోషిప్పు ఉత్తరం ఇంకొకరికి వెళ్ళిందని మా సీనియర్లు కథగా చెప్పేవారు. రెడ్డిగార్లదీ ఇదే అవస్థ. చిలకకు మాత్రం పోటీ లేదు. అది నవ్వులాటగానే ఉండవచ్చు, కానీ యూనివర్శిటీ మొత్తంమీద ఒక్కటే చిలక.

అసలు మెలిక ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. మన ఊళ్ళో పేర్లు ఎంతమందికి ఉన్నా ఇబ్బంది లేదు. పదిమంది సుబ్బారావులుంటే కరణంగారి సుబ్బారావు, చెరువు గట్టు సుబ్బారావు అని తేల్చుకుంటాం. అమెరికా కాగితాలు కూడా రెండు రావుల్ని ఓర్చుకున్నాయి, పుట్టిన తేదీతో తేడా తెలుసుకునేవి. కంప్యూటరు ఖాతా ఓర్చుకోదు. ఒక యంత్రంమీద ఒక పేరు ఒక్కరిదే. సిద్ధాంతాలకీ శిలీంధ్రాలకీ ఎక్కిన రావూ, సుబ్బరోలూ ఇక్కడ పనికిరాకుండా పోయారు. పదిమందికీ ఉన్నది చెల్లదు, తనకొక్కడికే ఉన్నది కావాలి. తెలుగువాడి పేరులో అలాంటిది వెతికితే దొరికేది ఇంటిపేరే. వందలాది ఊళ్ళ పేర్లనుంచి, చెట్లనుంచి, వృత్తులనుంచి, ఎప్పటి ముత్తాతలకో తగిలిన ఎకసెక్కపు మాటలనుంచి పుట్టుకొచ్చిన ఇంటిపేర్ల రాశి మన దగ్గర ఉంది. ఒక్క అక్షరంగా ముడుచుకుపడి ఉన్నది, యంత్రం అడిగేసరికి లేచి కూర్చుంది.

ఉచిత ఈమెయిళ్ళు వచ్చాక ఇది మరీ తేటపడింది. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జూలై 4న హాట్‌మెయిల్ తెరిచారు. అంతకు ముందటి ఆగస్టులో మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారి ఇంటర్నెట్ మొదలయింది, కానీ దాని చందా కట్టగలిగిన ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. హాట్‌మెయిల్‌కి చందా లేదు, నెట్ సెంటర్లో గంటకింతని ఇస్తే చాలు. మా బీటెక్ తరమంతా అక్కడే మొదటి ఈమెయిలు తెరిచాం. అప్పుడు ఎంచుకున్న పేర్లు తలుచుకుంటే ఇప్పుడు ఆ మనుషులే ఒప్పుకోరు. చిరంజీవి సినిమాల పేర్లు, 'కూల్', 'ప్రిన్స్', 'లవ్లీ', వాటి వెనక పుట్టిన సంవత్సరం. ఆ ఖాతాలనుంచే ఒహాయోలో, టెక్సస్‌లో ఉన్న ప్రొఫెసర్లకి 'రెస్పెక్టెడ్ సర్' అంటూ ఉత్తరాలు వెళ్ళేవి.

అమెరికా వెళ్ళిన సీనియర్లనుంచి అప్పుడు ఒక సలహా బయల్దేరింది. నా ఎరుకలో ఇది జీఆర్ఈ పదాల పట్టికల్లాగే చేతులు మారిన జ్ఞానం. "ప్రొఫెసరు నీ ఉత్తరం తెరవకముందే నీ పేరు చదువుతాడు. నవ్వు రాకూడదు, భయం వేయకూడదు, నోరు తిరగాలి. నీ పేరు, నీ ఇంటిపేరు, రెంటి మధ్యా ఒక చుక్క. అంకెలు వద్దు." ఆ సలహాలో ఎవరికీ తట్టని కొసమెరుపు ఒకటుంది. అంకెలు వద్దనగానే కిరణ్, శ్రీనివాస్, రమేశ్ అప్పటికే అయిపోయాయి. కిరణ్ రెడ్డి కూడా అయిపోయింది. అంకె లేకుండా దొరకాలంటే ఇంటిపేరు పూర్తిగా విప్పాల్సిందే. బడి పుస్తకాల అట్టల మీద ఎప్పుడూ సిహెచ్., వి., కె. అని రాసుకున్న చేతులు, పాతికేళ్ళ వయసులో, అమెరికన్ ప్రొఫెసరు మెప్పుకోసం, మొదటిసారి ఇంటిపేరును మొదటి అక్షరంనుంచి చివరి అక్షరందాకా రాశాయి.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. హాట్‌మెయిల్ రెండు మెగాబైట్ల గది ఇస్తుంటే వీళ్ళు ఒక గిగాబైటు ఇస్తామన్నారు. తేదీ చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. లోపలికి ఎవరైనా ఆహ్వానిస్తేనే ప్రవేశం. 2007దాకా అంతే. ఒక్క ఆహ్వానం కోసం బతిమాలుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆత్రమంతా ఆ గిగాబైటు గురించి కాదు, మంచి పేరు ఎవరో తన్నుకుపోకముందే పట్టుకోవాలని. జీమెయిల్ పేరులో కనీసం ఆరక్షరాలుండాలన్న నిబంధన ఉంది. ఇంగ్లీషులో లెక్కపెట్టి చూడండి. రావు మూడు, రాజు నాలుగు, రెడ్డి, నాయుడు, శర్మ, శెట్టి తలా ఐదు. మన పేర్ల చివరి తోకలు దాదాపు అన్నీ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. చౌదరిగారు ఒక్కరే ఎనిమిదితో లోపలికి వెళ్ళగలరు, వెళ్ళాక ఆయనకీ పోటీయే. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా నాకు ఈ లెక్క భలే ఇష్టం.

తోకల మాట వచ్చింది కాబట్టి చేదు నిజం ఒకటి చెప్పుకోవాలి. పేరు చివర ఏముందో చూసి కులం పోల్చుకునే అలవాటు మనతోపాటే విమానం ఎక్కింది. ఇంటిపేరు మాత్రం తక్కువ తిన్నదా? "ఓహో, మీరు ఫలానావారా" అని రెండు ప్రశ్నల్లో ఊరూ కులమూ కూపీ లాగేవాళ్ళు ప్రతి పాట్‌లక్కులోనూ ఉంటారు. నాతో చదివినవాళ్ళలో ఒకతను ఇంటిపేరూ వద్దు, తోకా వద్దని తన పేరుకు రెండు అంకెలు తగిలించుకున్నాడు. సీనియర్లు సలహా ఇవ్వబోతే, "అంకెలకి కులం లేదన్నా" అన్నాడు. ఇంటిపేరు బయటికి రావడం అందరికీ పండగ కాదని నాకు తెలిసింది అతని వల్లే. పైన నేను చెప్పిన వాదనకు ఇది అడ్డు వస్తుందని నాకు తెలుసు, అడ్డు రానివ్వండి.

ఆడవాళ్ళ విషయం మరీ చిక్కు. మన ఆనవాయితీలో పెళ్ళితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. యూనివర్శిటీ ఖాతా చాలాచోట్ల అంత తేలిగ్గా మారదు. నాకు తెలిసిన ఒకావిడ పుట్టింటి పేరుతో పీహెచ్‌డీలో చేరింది. మధ్యలో పెళ్ళయింది. శుభలేఖలో కొత్త ఇంటిపేరు పడింది, ఈమెయిలులో పాతది ఉండిపోయింది. అప్పటికే ఆ పాత పేరుతో మూడు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. అత్తగారు అమెరికా వచ్చినప్పుడు కంప్యూటరు తెర చూసి, "ఏమ్మా, మా ఇంటిపేరు రాయడానికి కష్టంగా ఉందా?" అని అడిగారట. "లేదత్తయ్యా, ఆ ఇంటిపేరుతో ఇంకా పేపర్లు రాయలేదు" అంది ఆవిడ. అత్తగారు చాలాసేపు ఏమీ అనలేదట. తరువాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని, పెళ్ళికి ముందు తన ఇంటిపేరు ఏమిటో, అది ఏ ఊరినుంచి వచ్చిందో కోడలికి చెప్పారట. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. ఇంటిపేరు నిలిచిందని నేను పైన సంబరపడిందంతా ఎక్కువగా మగవాళ్ళ చరిత్ర అని గమనించగలరు. నానమ్మల, అమ్మమ్మల పుట్టింటి పేర్లు ఏ ఈమెయిలులోనూ లేవు.

మొదటి పేరే లేకుండా వచ్చేవాళ్ళూ ఉన్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరంతా రెండో గడిలో రాయించుకుంటే, అమెరికా వీసా వాళ్ళు ఆ మొత్తాన్ని ఇంటిపేరుగా తీసుకుని, పేరున్న చోట 'ఎఫ్.ఎన్.యు.' అని అచ్చువేస్తారు. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', పేరు తెలియదని అర్థం. ఆ మూడక్షరాల్నే పేరనుకుని బ్యాంకులు, కరెంటు కంపెనీలు 'డియర్ ఫ్నూ' అని ఉత్తరాలు రాస్తాయి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసల్లో పేరు మొత్తానికి దక్కేది 39 స్థానాలు. యూనిక్స్ ఎనిమిదితో పోలిస్తే మహారాజభోగం. అయినా ఇంటిపేరు, ఇలవేల్పు, తాత పేరు, సొంత పేరు అన్నీ కలిపి పెట్టుకున్న గోదావరి జిల్లాల పిల్లల్ని నేనెరుగుదును. వాళ్ళకి అదీ చాలదు.

ఎన్ని అక్షరాలో తేలాక, ఏ అక్షరాలు అన్న తగువు మొదలవుతుంది. మా బాబాయిగారి పిల్లలు చిలకలపూడి చివర 'వై' రాసుకుంటారు, మేము 'ఐ' రాస్తాం. కంప్యూటరు లెక్కన మేం చుట్టాలం కాము. మూర్తి మూడు నాలుగు రకాలు. లక్ష్మి నడుమ 'ఎక్స్' ఉండచ్చు, ఉండకపోవచ్చు. లత నడుమ 'హెచ్' ఉందంటే దక్షిణాది అలవాటు అని పోల్చుకోవచ్చు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరుగులేకుండా రాసే పద్ధతి ఒకటి అమెరికాలోనే, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్శిటీలో, కన్నెగంటి రామారావుగారు, ఆనంద కిశోర్‌గారు 1990ల్లో తయారుచేశారు. మనవాళ్ళు ఆర్టీఎస్ అని పిలుచుకునేది అదే. పెద్ద 'టి' పెడితే ట, చిన్నది పెడితే త. పెద్ద 'డి' అయితే డ, పెద్ద 'ఎల్' అయితే ళ. దాని ప్రకారం మా ఇంటిపేరు రాస్తే పూలో ఒక పెద్ద అక్షరం, డిలో ఒక పెద్ద అక్షరం వచ్చి, ఎవరు చదివినా సరిగ్గా చదివి తీరాలి. కానీ ఆ అందం ఖాతా పేరులో ఇమడదు. ఈమెయిలులో పెద్దా చిన్నా తేడా ఎవరూ పాటించరు. పాస్‌పోర్టు యంత్రానికి అన్నీ పెద్దవే. పెద్దబడి, చిన్నబడి అని మా మాస్టారు కష్టపడి నేర్పిన తేడా కాస్తా ఇద్దరి మధ్యా గల్లంతయింది.

కొన్ని యూనివర్శిటీలు ఈ గొడవంతా ఎందుకని పొడి అక్షరాలకు అంకెలు తగిలించి ఇచ్చేస్తాయి. కోర్నెల్, కొలంబియా, పెన్ స్టేట్ ఆ దారినే పోయాయి. చైనా విద్యార్థుల ముందు మన రావుల కష్టం ఏపాటిది? వాంగ్, లీ, జాంగ్ అనే మూడు ఇంటిపేర్లలోనే అక్కడ కోట్లమంది సర్దుకుంటారు. ఎవరి పరిశోధన పత్రం ఎవరిదో తేల్చడానికి ఆర్కిడ్ అని ఒక సంస్థ పుట్టి, 2012 నుంచి ఒక్కో పరిశోధకుడికీ పదహారు అంకెల సంఖ్య ఇవ్వసాగింది. సి.ఆర్. రావుగారి కాలంలో అది ఉండి ఉంటే ఆ బౌండుకి ఏ పేరు పెట్టేవారో.

మారిన కాలానికి అందరికీ తెలిసిన ఉదాహరణ సత్య నాదెళ్ల. హైదరాబాదులో పుట్టి, 1990లో మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ పూర్తిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014 ఫిబ్రవరిలో దాని అధిపతి అయ్యారు. అమెరికాలో వార్తలు చదివేవాళ్ళు ఈ రోజు 'నాదెళ్ల' అంటున్నారు, ళను ల చేసినా సరే. యల్లాప్రగడకీ, కలియంపూడికీ, దబ్బాలకీ దక్కనిది నాదెళ్లకు దక్కింది. అయితే మైక్రోసాఫ్ట్ ఇంట్లో పాత ఆచారం వేరుగా ఉండేది. పేరు పూర్తిగా, పక్కన ఇంటిపేరులో ఒక్క అక్షరం. బిల్ గేట్స్ అక్కడ 'బిల్-జీ'. ఇంటిపేరును పొడి అక్షరం చేయడంలో తెలుగువాళ్ళకి గురువులు రెడ్మండ్‌లో కూడా ఉన్నారు.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీకి వెళ్ళబోతోంది. దరఖాస్తుల కోసం స్కూలు ఖాతా కాకుండా సొంత ఈమెయిలు కావాలంది. ఎనిమిది హద్దు ఎప్పుడో పోయింది. లినక్సులో ముప్ఫై రెండు, జీమెయిలులో ముప్ఫై. తెలుగులోనే పెట్టుకోవచ్చా నాన్నా అని అడిగింది. నియమం ప్రకారం పెట్టుకోవచ్చు. యూనికోడులో తెలుగు 1991 నుంచి ఉంది. ఏ లిపిలోనైనా ఈమెయిలు చిరునామా ఉండవచ్చని 2012లో ప్రమాణాలు వచ్చాయి. అలాంటి చిరునామాలకు ఉత్తరాలు పంపేందుకు, అక్కడినుంచి అందుకునేందుకు జీమెయిల్ 2014లో వీలు కల్పించింది. '.భారత్' అని తెలుగు లిపిలో డొమైన్ కూడా ఉంది. అయితే 'జ్ఞా'లాంటి ఒక్క తెలుగు అక్షరం చూపించబోయి 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుంది కాబట్టి, కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు మీద ఆ ప్రయోగం వద్దన్నాను. ఇంటిపేరు పదమూడక్షరాలూ, పేరూ, మధ్యలో చుక్క పెట్టుకుంది. అంకెలు అవసరం పడలేదు.

ఆ రాత్రి ఊరికే లెక్క కట్టాను. చిలకలపూడి తెలుగులో రాస్తే ఆరే అక్షరాలు. పాత యూనిక్స్‌కి తెలుగు వచ్చి ఉంటే ఎనిమిదిలో హాయిగా పట్టేది కదా అనిపించింది. కానీ యూనికోడులో గుణింతపు గుర్తులు విడిగా లెక్క, మొత్తం తొమ్మిది. ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి ఇరవై ఏడు. ఎనిమిది బైట్ల గదిలో పట్టేది చకారమూ దాని గుడీ మాత్రమే. అంటే 'చి'. మా తాతగారు పోస్టుకార్డుల అడుగున సంతకంలో ఇంటిపేరుకు బదులు రాసే పొడి అక్షరం కూడా అదే.